టమాటా ఆగుతుంది, బఠాణీ ఆగదు

చలి పూర్తిగా పోలేదు గానీ మధ్యాహ్నం ఎండ వీపుకు హాయిగా తగలడం మొదలైంది. ఏటా సరిగ్గా ఇలాంటి రోజునే నాకు చేతులు ఊరుకోవు. విత్తనాల డబ్బా దించుతాను. అందులో ఇరవై రకాల ప్యాకెట్లున్నా, చేయి ముందు టమాటా మీదికే పోతుంది. తర్వాత మిరప, దోస, బెండ. బఠాణీ, కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ మాత్రం "అవెంతలే, ఎప్పుడైనా వేసుకోవచ్చు" అనిపించుకుని డబ్బా అడుగునే ఉండిపోతాయి.

చాలా ఏళ్ళు ఇలాగే చేశాను. చలిగాలిలో టమాటా నారును చంటిపిల్లలా సాకాను. ఎండలు ముదిరాక తీరిగ్గా బఠాణీ వేసి, పూతకొచ్చే వేళకే తీగ ఎండిపోతుంటే విత్తనం మంచిది కాదని తిట్టుకున్నాను. వసంతం మొదట్లో మనం తొందరపడి వేసేవన్నీ ఆగగలిగిన మొక్కలు, రేపు మాపు అని వాయిదా వేసేవన్నీ ఆగలేని మొక్కలు. ఈ ఒక్క వరస తిరగేస్తే, అవే కుండీల్లో, అంతే ఓపికతో, కాపు రెట్టింపు కాకపోయినా ఏడుపు మాత్రం సగం తగ్గుతుందని నా వాదన.

ఈ బుద్ధి చదివితే వచ్చింది కాదు. ఒక టమాటా మొక్క దగ్గర వచ్చింది.

ఆ ఏడు ఎనిమిది టమాటా మొక్కలు లేపాను. పగలు ఎండకు బయటపెట్టడం, సాయంత్రం లోపలికి తేవడం, కిటికీ దగ్గర చోటు కోసం ఇంట్లోవాళ్ళతో గొడవ. ఆరు వారాలకు జానెడు పొడుగొచ్చాయి. పొడుగంటే పొడుగే, కాండం మాత్రం దారం. అన్నీ కిటికీ వైపు మెడ చాచి వంగిపోయాయి. ఇక ఆగలేక పెద్ద కుండీల్లోకి మార్చి బయటపెట్టాను. వారంలో ఆకుల అడుగు భాగం ఊదారంగుకు తిరిగింది. మట్టి చల్లగా ఉంటే వేళ్ళు భాస్వరం సరిగ్గా తీసుకోలేవు, అందుకే ఆ రంగు. మట్టిలో భాస్వరం లేక కాదు. నాకప్పుడు ఆ సంగతి తెలియక ఎరువు మీద ఎరువు వేశాను. నెల రోజులు అంగుళం పెరగలేదు.

ఈలోగా పక్కనున్న మరో కుండీలో ఒక మొలక లేచింది. ఆ కుండీలో నేను ఏమీ విత్తలేదు. నిరుటి కూరగాయల తొక్కలతో చేసిన కంపోస్టు నింపి పక్కన పడేశానంతే. కుళ్ళిన పండులోంచి ఓ గింజ అందులో మిగిలిపోయినట్టుంది. గాలికి పుట్టి ధూళికి పెరగడమంటే అదే. అది లేచేనాటికి నా మొక్కల వయసు రెండున్నర నెలలు. పీకేద్దామనుకుని బద్ధకించి వదిలేశాను. ఆరు వారాల్లో ఎత్తులో నా ఎనిమిదింటినీ దాటేసింది, కాండం చిటికెన వేలంత లావయింది. మొదటి పండు నా మొక్కలే ఇచ్చాయి, ఓ వారం ముందు. కాదనను. కానీ ఆ తర్వాత బుట్టలు నిండిన కాపంతా ఆ ఒక్క మొక్కదే. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు.

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూసి అడిగారు: "దానికేం వేస్తున్నావమ్మా, అంత ఏపుగా ఉంది?"

"ఏమీ లేదండి పిన్నిగారూ. దాన్ని అసలు చూడనే లేదు."

"మిగతావాటినీ చూడకుండా ఉండాల్సింది" అన్నారు ఆవిడ, ఏమాత్రం నవ్వకుండా.

నేను నవ్వేశాను గానీ గుచ్చుకుంది. ఆ గింజ నెలల తరబడి తడి మట్టిలోనే ఉంది కదా, ఫలానా రోజునే లేవాలని దానికెలా తెలిసింది? మట్టి వెచ్చబడింది కనుక లేచింది. నేను క్యాలెండర్ చూసి విత్తాను, గాలి వెచ్చగా ఉందని విత్తాను. విత్తనం ఉండేది గాలిలో కాదుగా. చలి తగ్గే రోజుల్లో గాలి ముందు వేడెక్కుతుంది, మట్టి దాని వెనక ఎంతో నిదానంగా వస్తుంది. ఆ మధ్యనున్న వ్యవధిలోనే మన టమాటాలన్నీ పడతాయి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో జేమ్స్ హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త ఉండేవారు. ఏ కూరగాయ విత్తనం ఎంత వేడిలో ఎన్నాళ్ళకు మొలుస్తుందో పరీక్షించి పట్టిక వేశారు. తోటపని చేసేవాళ్ళు ఇప్పటికీ ఆ అంకెలనే వాడుకుంటారు. దాని ప్రకారం మట్టి 10 డిగ్రీల సెల్సియస్ ఉంటే టమాటా మొలవడానికి 43 రోజులు పడుతుంది. 15 డిగ్రీల్లో 14 రోజులు, 20 డిగ్రీల్లో 8, 25 డిగ్రీల్లో 6. ఇక్కడ ఆగి ఓ చిన్న లెక్క వేయండి. నేను ఈరోజు 10 డిగ్రీల మట్టిలో విత్తానంటే మొలక 43వ రోజున. మీరు నాలుగు వారాలు ఏమీ చేయకుండా కూర్చుని, మట్టి 20 డిగ్రీలకు వచ్చాక విత్తారంటే మొలక 36వ రోజున. మీరు కాలు మీద కాలేసుకుని కూర్చుని నాకన్నా వారం ముందుంటారు.

మిరప ఇంకా మొండిది. 10 డిగ్రీల్లో అసలు మొలవదు, 15 డిగ్రీల్లో 25 రోజులు తీసుకుంటుంది, 25 డిగ్రీల్లో 8 రోజులకే లేస్తుంది. బెండకు 15 డిగ్రీల్లో 27 రోజులు, 30 డిగ్రీల్లో 7. అదే పట్టికలో లెట్యూస్ అనే సలాడ్ ఆకుకూర చూడండి: 5 డిగ్రీల్లోనే 15 రోజులకు మొలుస్తుంది, 10 డిగ్రీల్లో ఒక్క వారం. బఠాణీ 10 డిగ్రీల్లో 14 రోజులు, క్యారెట్ 17, ఉల్లి 13. అంటే టమాటా కళ్ళు కూడా తెరవని మట్టిలో ఇవి హాయిగా లేచి కూర్చుంటాయి.

పైగా ఆ 43 రోజులూ విత్తనం ఊరికే పడుకుని ఉండదు. చల్లటి తడిలో ఉబ్బి, మెత్తబడి, పిథియం లాంటి బూజులకు మేతవుతుంది. మొలిచినా గండం గడిచినట్టు కాదు. నారుకుళ్ళు ఎలా ఉంటుందో ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. సాయంత్రం చూస్తే నారు నిటారుగా, పచ్చగా ఉంటుంది. పొద్దున లేచేసరికి నాలుగు మొలకలు పక్కకు ఒరిగి ఉంటాయి. ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి, వాడను కూడా వాడవు. దగ్గరగా వంగి చూస్తే మట్టిని ఆనుకున్న చోట కాండం గోటితో నొక్కినట్టు నొక్కుకుపోయి, నీళ్ళలో నానిన దారంలా ఉంటుంది. మర్నాటికి మరో ఆరు. దీనికి మందు వెతకడం కన్నా వెచ్చటి మట్టి, తక్కువ తడి, ఆడే గాలి మేలు.

మట్టి వేడి చూడటానికి పెద్ద సరంజామా ఏం అక్కర్లేదు. పొడవాటి కడ్డీ ఉన్న మామూలు థర్మామీటర్ చాలు. 5 సెంటీమీటర్ల లోతుకు గుచ్చి పొద్దున్నే చూడాలి, ఎందుకంటే మట్టి అప్పుడే బాగా చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం చూసి సంబరపడితే మన్ని మనమే మోసం చేసుకున్నట్టు. వరసగా మూడు నాలుగు రోజులు చూస్తే గానీ నమ్మకండి. నేను మొదట్లో రోజుకు ఐదుసార్లు గుచ్చి చూసేదాన్ని. జ్వరం వచ్చిన పిల్లాడి చంకలో కూడా అన్నిసార్లు పెట్టం.

ఒకే పెరట్లో రెండు కుండీలు రెండు రకాలుగా ఉంటాయని అప్పుడే తెలిసింది. అసలు తేడా నీళ్ళలో ఉంది. ఒక కిలో నీళ్ళను ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన వేడి, అంతే బరువున్న పొడి మట్టికి కావలసినదానికి సుమారు 5 రెట్లు. అందుకే బంకమట్టిలా నీళ్ళు పట్టి ఉంచేది ఆలస్యంగా వెచ్చబడుతుంది, ఇసుక కలిసిన గుల్ల మట్టి త్వరగా వెచ్చబడుతుంది. తడి ఆవిరవుతూ కూడా వేడిని లాక్కుపోతుంది. విత్తాక ఆత్రంగా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్ళు చల్లే నా అలవాటు ఆ మట్టిని ఇంకా వెనక్కి లాగిందన్నమాట. నల్ల కుండీ ఎండకు గబుక్కున కాగుతుంది, రాత్రికి అంతే గబుక్కున చల్లారుతుంది. నేల మడి రెండిట్లోనూ నిదానం. మడి మీద వారం పది రోజులు పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిస్తే కొన్ని డిగ్రీలు కలిసొస్తాయి.

వెలుతురు సంగతి కూడా ఇంతే. కిటికీ పక్కన మన కంటికి ఎంతో వెలుగుగా కనిపిస్తుంది, ఎందుకంటే మన కన్ను సర్దుకుంటుంది. నిండు ఎండలో దాదాపు లక్ష లక్స్ వెలుతురు ఉంటే, గది మధ్యలో కొన్ని వందలు కూడా ఉండటం కష్టం. మొక్కకు సర్దుకోవడం రాదు. వెలుగు కోసం మెడ చాస్తుంది. వెచ్చటి గది, చాలని వెలుతురు కలిస్తే తయారయ్యేవి ఆ దారాల్లాంటి కాండాలే.

సరే, టమాటాను తిట్టింది చాలు. బఠాణీ గురించి చెప్పాలి, నాకు ఇష్టమైన భాగం ఇదే.

బఠాణీని చలి మట్టిలో వేయడానికి మొదటిసారి నాకు ధైర్యం చాలలేదు. మట్టి 8 డిగ్రీల్లో ఉంది, చేత్తో తాకితే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. నానబెట్టకుండా పొడి గింజలనే రెండు వేళ్ళ కణుపుల లోతున గుచ్చాను. చలి మట్టిలో నానబెట్టిన గింజ కుళ్ళే అవకాశం ఎక్కువ. నిదానంగా నీరు పీల్చుకుంటేనే దానికి మంచిది. మూడు వారాలు ఏమీ లేదు. తవ్వి చూడాలనిపించి చేతులు కట్టుకున్నాను. ఆ తర్వాత ఓ పొద్దున మట్టి పెళ్ళను నెత్తిన పెట్టుకుని, మెడ వంచుకుని ఒక మొలక బయటికొచ్చింది. వంచిన మెడతోనే నేలను చీల్చుకొస్తుంది అది, లేత కొస దెబ్బతినకుండా. తర్వాత రెండు రాత్రులు గడ్డకట్టే చలి వేసింది. తెల్లారి ఆకుల అంచున మంచు పలుకులు. చచ్చిందనుకున్నాను. తొమ్మిదింటికి ఎండ తగిలేసరికి ఏమీ ఎరగనట్టు నిలబడింది.

బెత్తెడు ఎత్తొచ్చాక నులితీగలు మొదలవుతాయి. అవి నిజానికి ఆకుల్లో భాగాలే, రూపం మార్చుకున్నాయి. ఒక దారం కట్టి, మొక్కకు వేలెడు దూరంలో పెట్టి చూడండి. పొద్దున గాలిలో తడుముతున్న నులితీగ మధ్యాహ్నానికి దారాన్ని ఒక చుట్టు చుట్టి ఉంటుంది. సాయంత్రానికి స్ప్రింగులా బిగిసి మొక్కను దగ్గరకు లాక్కుంటుంది. ఎదురుచూసే ఓపిక లేని పిల్లలకు కూడా ఇది చూపించవచ్చు.

ఇంత చలిని ఓర్చే మొక్క వేడికి ఒక్క వారం కూడా నిలవదు. పగలు 30 డిగ్రీలకు దగ్గరయ్యేసరికి పూత రాలిపోతుంది, కాయ గట్టిపడుతుంది. త్వరగా కాసే రకానికి కూడా విత్తింది మొదలు కోసేదాకా సుమారు 60 రోజులు కావాలి, చలి మట్టిలో ఇంకా ఎక్కువ. కాబట్టి బఠాణీ లెక్కను వేసవి వైపు నుంచి వెనక్కి లెక్కపెట్టుకు రావాలి. ఎండలు మీ దగ్గర ఎప్పుడు ముదురుతాయో చూసి, అక్కడి నుంచి రెండున్నర నెలలు వెనక్కి వస్తే చాలామందికి ఆ రోజు నిన్ననో మొన్ననో అయి ఉంటుంది.

కొత్తిమీరదీ అదే కథ. ధనియం అని మనం పిలిచేది ఒక కాయ, లోపల రెండు గింజలుంటాయి. అరచేత్తో మెల్లగా నలిపి రెండుగా విడదీసి, విత్తాల్సిన చోటే విత్తాలి. తల్లివేరు ఉన్న మొక్క కనుక నారు పోసి మారిస్తే అలుగుతుంది. చల్లటి రోజుల్లో గుబురుగా ఆకు వేస్తుంది. ఎండ ముదిరి పగలు పొడవు పెరిగేకొద్దీ ఆకు వెంట్రుకలా సన్నబడి, నడుమ ఒక కాడ లేచి పూతకు వెళ్ళిపోతుంది. పూత తుంచితే ఆకు వస్తుందని నేనూ చాలాసార్లు తుంచాను. రాదు. ఒకసారి మనసు మార్చుకున్న కొత్తిమీర వెనక్కి తిరగదు. అందుకే ఒకేసారి కుండీ నిండా చల్లకుండా రెండు మూడు వారాలకోసారి పిడికెడు వేసుకోవడం మేలు.

నిదానమే ప్రధానం అంటాం, ఆలస్యం అమృతం విషం అనీ అంటాం. రెండు సామెతలూ ఒకే నోటితో ఎలా అంటారని చిన్నప్పుడు అనుకునేదాన్ని. మొదటిది టమాటా గురించి, రెండోది బఠాణీ గురించి.

ఆకు మొక్కల్లో పుదీనాకు ఈ గొడవే లేదు. నేల అడుగున కాడలు బతికే ఉంటాయి, తన టైము తనే చూసుకుని లేస్తుంది. వేరే కుండీలో పెట్టకపోతే మిగతావాటిని మింగేస్తుంది, అంతే. పార్స్‌లీ మొలవడానికి మూడు వారాలు పడితే కంగారు పడొద్దు. రోజ్‌మేరీ గింజతో కుస్తీ పడేకన్నా కొమ్మ గుచ్చుకోవడం సుఖం. బేసిల్ మాత్రం టమాటా కన్నా సుకుమారం. రాత్రి 10 డిగ్రీల కిందికి దిగితే ఆకులు నల్లబడతాయి, అందుకని దాన్ని టమాటా తర్వాతే బయటికి తీయండి.

పండ్ల చెట్ల దగ్గర ఈ వాదన ఇంకో మలుపు తిరుగుతుంది. ఆపిల్, పీచ్ లాంటి చెట్లకు ఈ వసంతంలో విచ్చే పూమొగ్గ నిరుటి వేసవిలోనే కొమ్మలో తయారై ఉంటుంది. అంటే ఈ పూత విషయంలో మనం ఇప్పుడు కొత్తగా చేయగలిగింది దాదాపు ఏమీ లేదు, చెడగొట్టడం తప్ప. ఉత్సాహం కొద్దీ కత్తెర పట్టుకుని ఎడాపెడా కత్తిరిస్తే పోయేది పూతే. ఆ చెట్లు చలిని గంటల్లో లెక్కపెట్టుకుంటాయి. 7 డిగ్రీలకు తక్కువగా ఉన్న గంటలు రకాన్ని బట్టి కొన్ని వందల నుంచి వెయ్యి దాకా పూర్తయితే గానీ సరిగ్గా మేలుకోవు. మధ్యలో నాలుగు రోజులు వెచ్చబడినా నమ్మకపోవడానికి అదే కారణం. అంత జాగ్రత్తపడ్డ చెట్టు కూడా ఒక్కోసారి మోసపోతుంది. నిండు పూతలో ఉన్న ఆపిల్ చెట్టుకు మైనస్ 2 డిగ్రీలు తగిలితే పూలలో పదోవంతు పోతాయి, మైనస్ 4 దగ్గర పదింట తొమ్మిది పోతాయి. రెండు డిగ్రీల తేడాతో ఒక ఏటి పంట. మబ్బుల్లేని, గాలిలేని రాత్రి ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే నేల వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. మనకు అలాంటి రాత్రే అందంగా కనిపిస్తుంది.

పండ్ల మొక్కల్లో నిజంగా తొందరపడాల్సిన పని ఒకటుంది. వేళ్ళకు మట్టి లేకుండా అమ్మే నిద్రావస్థలోని మొక్కలను చిగురు వేయకముందే నాటేయాలి. ఆకు విచ్చాక నాటితే, ఇంకా నేలను పట్టుకోని వేళ్ళు ఆ ఆకుకు నీరు అందించలేవు. ఈ పనిని మాత్రం మనం తీరిగ్గా వచ్చే ఆదివారానికి వాయిదా వేస్తాం. మళ్ళీ అదే తిరగబడ్డ వరస.

నా వాదనకు ఎదురుమాట లేకపోలేదు. వేసవి పొట్టిగా ఉండే చోట్ల మట్టి వెచ్చబడేదాకా ఆగి టమాటా విత్తితే పండు ఎర్రబడేలోపే చలి తిరిగొస్తుంది. అక్కడ నారు లోపల పోయాల్సిందే. ఒప్పుకుంటాను. కానీ అక్కడ కూడా బయట నాటే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి: టమాటాకు 6 నుంచి 8 వారాలు, మిరపకు 8 నుంచి 10. వేడీ, వెలుతురూ రెండూ ఇవ్వగలిగితేనే. బయటికి తీసే ముందు వారం పది రోజులు రోజుకు కాస్త కాస్తగా ఎండకు, గాలికి అలవాటు చేయాలి. "ఎండ బాగుంది కదా" అని పన్నెండు వారాల ముందే పోస్తే మొక్క చిన్న కప్పులో వేళ్ళు చుట్టుకుని ముసలిదవుతుంది.

చలికాలం పేరుకు మాత్రమే ఉండే చోట్ల ఇంకో చిక్కు. రాత్రులు 24 డిగ్రీలు, పగళ్ళు 35 దాటాక టమాటా పూత కూడా నిలవదు, పుప్పొడి పనిచేయదు. అలాంటి చోట మట్టి అసలు చల్లబడనే లేదు గనుక, వసంతం వచ్చేసరికే టమాటా కుండీలో ఉండాలి. అక్కడ నా శీర్షిక చెల్లదు. అయినా థర్మామీటర్ మాటే చెల్లుతుంది, క్యాలెండర్ మాట కాదు.

నర్సరీల్లో చలి పోకముందే పూతతో ఉన్న టమాటా మొక్కలు వరసగా పెట్టి ఉంటాయి. మనం కొంటాం కాబట్టే పెడతారు. చిన్న కప్పులో పూసిన ఆ మొక్కను చూసి ముచ్చటపడతాం. వేళ్ళకు చోటు చాలక, కంగారుపడి పూసిన పూత అది. కొనాల్సే వస్తే పూత లేని, పొట్టిగా, లావుగా ఉన్నది తీసుకోండి. ఉన్న పూతను తుంచేసి నాటండి. తుంచడానికి చేతులు రావు, నాకు తెలుసు.

ఈ ఏడు బఠాణీ ఇప్పటికే దారం పట్టుకుంది. ముల్లంగి రెండో ఆకు వేసింది, క్యారెట్ ఇంకా మట్టిలో ఏదో ఆలోచించుకుంటోంది. నిన్న పొద్దున పిన్నిగారు మళ్ళీ గోడ దగ్గరికొచ్చారు.

"టమాటా వెయ్యలేదా ఇంకా?"

"లేదండి. ఇంకా 11 దగ్గరే ఉంది."

"11 దాటి ఎన్నాళ్ళయింది, ఈరోజు 19 కదమ్మా!"

తారీఖు కాదండి, మట్టి అని చెప్పి థర్మామీటర్ చూపించాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నిరుటి కంపోస్టు నింపిన కుండీ వైపు చూపిస్తూ "అందులో ఏమైనా లేచిందా?" అన్నారు.

రోజూ పొద్దున్నే నేను ముందు చూసేది దాన్నే. ఇంకా ఏమీ లేవలేదు.